పాత బోటు ట్రైలర్‌కి కొత్త యాక్సిల్: కొనే ముందు ఒకసారి కాటా ఎక్కించండి

ప్రశ్న: మా బోటు ట్రైలర్ నేను కొనేటప్పటికే పాతది, ఇప్పటికి ఇరవై ఏళ్ళు దాటి ఉంటుంది. ఉప్పునీళ్ళలోకి దింపీ దింపీ యాక్సిల్ గొట్టం నుంచి తుప్పు పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది. కుడివైపు టైరు లోపలి అంచు ఒక్కటే అరిగిపోతోంది. యాక్సిల్‌కి ఉన్న రేకు మీద 1000 కేజీలు అని కనబడుతోంది. అలాంటిదే ఇంకొకటి తెచ్చి వేద్దామంటే ఒకాయన టోర్షన్ యాక్సిల్ వేయమంటాడు, ఇంకొకాయన ‘ఎందుకైనా మంచిది, 2000 కేజీలది వేసెయ్’ అంటాడు. నాది అయిదున్నర మీటర్ల ఫైబర్ బోటు, 90 హెచ్‌పీ ఇంజను (మూడేళ్ళ కిందట పాత టూ-స్ట్రోక్ తీసేసి ఫోర్-స్ట్రోక్ పెట్టించాను). ట్రైలర్‌కి బ్రేకులు లేవు. ఏది కొనమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన మాటని మీరు బ్రాకెట్లలో పెట్టేశారండీ. ఇంజను మార్చాను అన్నారే, నా అనుమానమంతా అక్కడే. అదే హెచ్‌పీలో ఫోర్-స్ట్రోక్ ఇంజను సాధారణంగా పాత టూ-స్ట్రోక్ కంటే బరువు. పైగా అది వేలాడేది బోటు వెనక, అంటే చక్రాలకి ఇంకా వెనక. అక్కడ 30 కేజీలు పెరిగితే యాక్సిల్ మీద పెరిగేది 30 కాదు, ఎందుకంటే వెనక బరువు తూకంబద్దలా ముందు కొక్కేన్ని పైకి లేపుతుంది, కారు మీద తగ్గిన ఆ బరువు కూడా వచ్చి యాక్సిల్ మీదే పడుతుంది. చక్రాలకి ఇంజను 2 మీటర్లు వెనక, కప్లర్ (కారుకి తగిలించే ఆ ముందు కొక్కెం) 5 మీటర్లు ముందు ఉన్నాయనుకోండి, ఆ 30 కాస్తా 42 అవుతుంది. అందుకని ‘అలాంటిదే ఇంకొకటి’ అన్న ఆలోచన ముందు మానుకోండి. ఆ రేకు మీద 1000 అని ఉందంటే ఆ యాక్సిల్ తయారైనప్పుడు అంత మోయగలదని మాత్రమే అర్థం, మీ బోటుకి అది సరిపోయిందని కాదు. ట్రైలర్ మీ చేతికి వచ్చేసరికే పాతది కాబట్టి ముందాయన ఎక్కడినుంచో తెచ్చి అతికించిందో, అసలుదో కూడా ఆ రేకు చెప్పదు.

కాబట్టి మొదటి పని దుకాణానికి పోవడం కాదు, కాటాకి పోవడం. ట్యాంకు నింపి, బ్యాటరీలు, లంగరు, తాళ్ళు, లైఫ్ జాకెట్లు, మీరు రోజూ తీసి పక్కన పెడతానని చెప్పి ఎప్పుడూ తీయని ఆ సామాను డబ్బా, అన్నీ ఉంచే తీసుకెళ్ళండి. లారీ కాటా మీద ట్రైలర్ చక్రాలు మాత్రమే ఉండేట్టు, కారు కిందనే ఉండేట్టు నిలిపి, కొక్కెం తీయకుండా ఒక రీడింగ్ తీసుకోండి. అదే యాక్సిల్ మీద పడే అసలు బరువు. తర్వాత కారుని విడదీసి, ముందున్న చిన్న చక్రంతో సహా ట్రైలర్ మొత్తాన్ని కాటా మీద ఉంచి ఇంకో రీడింగ్. రెండిటికీ తేడా కప్లర్ మీద పడే బరువు, బోటు ట్రైలర్‌కి ఇది మొత్తంలో 5 నుంచి 10 శాతం ఉంటే బాగుంటుంది. 5 కంటే తగ్గితే స్పీడులో తోక ఊపడం మొదలవుతుంది.

నేను ఊరికే కాగితం మీద వేసి చూశాను. అంతటి ఫైబర్ పడవ 700 కేజీలు అనుకుందాం, ఇంజను 165, పెట్రోలు 80 లీటర్లయితే 60 కేజీలు, రెండు బ్యాటరీలు 50, చిల్లర సామాను 75, ట్రైలర్ 300. మొత్తం 1350. కప్లర్ మీద ఒక 95 తీసేస్తే యాక్సిల్ మీద 1255 కేజీలు! మీ కాటా లెక్క దీనికి అటూ ఇటూగా ఉండొచ్చు, కానీ 1000 లోపు వస్తుందని మాత్రం నేననుకోను. కుడి టైరు లోపలి అంచు అరగడానికి కారణం కూడా ఇదే కావచ్చు, కాకపోనూ వచ్చు. చాలా గొట్టం యాక్సిళ్ళకి ఖాళీగా ఉన్నప్పుడు మధ్యలో కొద్దిగా పైకి వంపు ఉంటుంది, బరువు పడ్డాక తిన్నగా అవ్వాలని అలా చేస్తారు. మోయాల్సిన దానికంటే ఎక్కువ మోస్తే తిన్నగా అవ్వడం దాటి కిందికి వంగుతుంది, అప్పుడు చక్రాల పైభాగాలు లోపలికి వాలి లోపలి అంచులు అరుగుతాయి. రెండు వైపులా అరిగితే ఇదీ కథ, ఒక్కవైపే అయితే ఆ వైపు స్పిండిల్ (చక్రం తిరిగే యాక్సిల్ కొస) వంగి ఉండొచ్చు, ఎప్పుడో బోటుని నీళ్ళలోకి దింపే ర్యాంపు అంచుకో గుంతకో తగిలి. ఏదైనా ఆ యాక్సిల్‌ని వంచి సరిచేసే పని మాత్రం పెట్టుకోకండి. తుప్పు తిన్న గొట్టాన్ని వేడి చేసి వంచితే అది రోడ్డు మీద మళ్ళీ వంగదు, విరుగుతుంది.

ఇక 2000 కేజీల సలహా. యాక్సిల్ మీద పడే బరువుకి ఒక 20 శాతం కలుపుకుంటే చాలు. 1255 వస్తే 1500, 1600 కేజీల తరగతి. అమెరికా లెక్కలో 3500 పౌండ్ల యాక్సిల్ అంటారు చూడండి, అది 1588 కేజీలు, సరిగ్గా ఈ బోటు సైజుకి పనికొచ్చేది అదే. అంతకంటే బాగా పెద్దది వేస్తే, ముఖ్యంగా టోర్షన్‌ది అయితే, అది కదలదు. సస్పెన్షన్ కదలకపోతే ఆ కుదుపంతా తినేది ట్రైలర్ ఫ్రేము, బోటు అడుగు. నడుము పట్టేసిన మనిషి నడిచినట్టుంటుంది నడక. ఇంకొకటి, పెద్ద యాక్సిల్ వేసినంత మాత్రాన ట్రైలర్ మోసే శక్తి పెరగదు. కప్లర్, ఫ్రేము, స్ప్రింగులు, రిమ్ములు, టైర్లు, వీటిలో ఏది అన్నిటికంటే బలహీనమో అదే ట్రైలర్ శక్తి. కాగితాల్లో రాసిన పరిమితి కూడా యాక్సిల్ మారిస్తే మారిపోదు. టైరు పక్కన లోడ్ ఇండెక్స్ అని ఒక అంకె ఉంటుంది, చూడండి. 91 అని ఉంటే ఒక్కో టైరు 615 కేజీలు, జతకి 1230, అంటే పైన వేసిన లెక్కకి ఇప్పటికే చాలదు. 98 అయితే 750 చొప్పున 1500, 100 అయితే 800 చొప్పున 1600. కొత్త యాక్సిల్ తెచ్చి పాత 91 టైర్లే బిగిస్తే మీరు డబ్బు పెట్టి కొన్న బలం రోడ్డు దాకా చేరదు.

టోర్షనా, కమాను పట్టీలా (అంటే లీఫ్ స్ప్రింగులా) అన్న గొడవకి వద్దాం, మీకు నిద్ర పట్టనివ్వనిది ఇదేనని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది.

టోర్షన్ యాక్సిల్ అంటే ఒక చదరపు గొట్టం, దానిలో ఇంకో చదరపు కడ్డీని 45 డిగ్రీలు తిప్పి పెడతారు, మూలల్లో మిగిలిన ఖాళీల్లో రబ్బరు తాళ్ళు కూరతారు. చక్రం లేచినప్పుడు కడ్డీ తిరుగుతుంది, రబ్బరు నలుగుతుంది, అదే స్ప్రింగు. పట్టీలు లేవు, పట్టీల చివర్లని పట్టి ఉంచే షాకిల్ బోల్టులు లేవు, కిరకిరలు లేవు, నడక మెత్తగా ఉంటుంది, ట్రైలర్ ఎత్తు కూడా తగ్గించుకోవచ్చు. ఇవన్నీ నిజమే, కాదనను. కానీ ఉప్పునీళ్ళ విషయంలో నాకు దానిమీద ఒక ఫిర్యాదు ఉంది. చెడేటప్పుడు చెప్పి చెడదు. ఆ గొట్టంలోకి, రబ్బరుకీ ఇనుముకీ మధ్యకి ఉప్పునీళ్ళు చేరి లోపలినుంచి తింటుంటే బయట జింకు పూత తళతళలాడుతూనే ఉంటుంది. ఒకరోజు ఒక చక్రం మడ్‌గార్డుకి దగ్గరగా జారి కనిపిస్తుంది. ఆ రబ్బరుని విప్పి మార్చే పని మామూలు వర్క్‌షాపుల్లో అవ్వదు, యాక్సిల్ యాక్సిలే మార్చాలి. పట్టీలు కూడా తుప్పు పడతాయి, నిజానికి ఇంకా తొందరగా పడతాయి, కానీ ఆకు విడిపోతే కంటికి కనబడుతుంది, విరిగినా ఒక స్ప్రింగు మార్చుకుని ఇంటికి రావచ్చు.

ఇంకో కారణం మీ ఫ్రేము వయసు. పట్టీల ట్రైలర్‌లో బరువు ఒక్కో పక్క రెండు చోట్ల ఫ్రేముకి అందుతుంది, ముందు హ్యాంగర్, వెనక హ్యాంగర్ (పట్టీల చివర్లు తగిలించే బ్రాకెట్లు). టోర్షన్‌లో ఒక్కో పక్క ఒక్క బ్రాకెట్ దగ్గరే, పైగా మెలిపెట్టే బలంతో. ఇరవై ఏళ్ళు ఉప్పు తిన్న ఫ్రేము, బ్రాకెట్ పడే చోట ఇంతకుముందెప్పుడూ బరువు చూడని చోట, హఠాత్తుగా ఆ పని మొదలుపెట్టాలి. సుత్తితో ఫ్రేము పొడవునా కొట్టుకుంటూ వెళ్ళండి, గణగణమంటే బాగుంది, దబ్‌మంటే లోపల పెచ్చులు కట్టింది. దబ్‌మన్న చోట టోర్షన్ బ్రాకెట్ పడేట్టుంటే ఆ మాట మర్చిపోండి.

అయినా సరే టోర్షనే వేస్తానంటే, చాలామంది తప్పుచేసే ఒక చోటు చెబుతాను. టోర్షన్‌లో చక్రం గొట్టానికి నేరుగా ఉండదు, గొట్టం చివరనుంచి వెనక్కి చాచిన ఇనప చేయి కొసన ఉంటుంది కాబట్టి చక్రం దాదాపు 150 మిల్లీమీటర్లు వెనక ఉంటుంది. పాత యాక్సిల్ ఉన్న చోటే కొత్త గొట్టం బిగించేస్తే చక్రాలు అంత వెనక్కి పోతాయి, మీ 1350 కేజీల ట్రైలర్‌కి కప్లర్ మీద ఇంకో 40 కేజీలు వచ్చి కూర్చుంటాయి. గుర్తు పెట్టుకోవాల్సింది గొట్టం స్థానం కాదు, చక్రం నడిమధ్య స్థానం. పాతది విప్పకముందే ఫ్రేము మీద సుద్దముక్కతో గీత గీసుకోండి.

నా సలహా అడిగారు కాబట్టి: వేడి జింకులో ముంచి తీసిన గాల్వనైజ్డ్ గొట్టం యాక్సిల్, కొత్త గాల్వనైజ్డ్ కమాను పట్టీలు. రంగు వేసినది ఎంత బాగా కనిపించినా వద్దు, యాక్సిల్‌ని స్ప్రింగుకి పట్టి ఉంచే యూ బోల్టు బిగించగానే అక్కడ రంగు నలిగిపోతుంది, ఉప్పు మొదటగా దూరేది అక్కడే. హబ్బులు (చక్రాలు బిగించే మధ్య భాగాలు) కూడా గాల్వనైజ్డే అడగండి. మీరు మంచినీటి చెరువుకి మాత్రమే వెళ్ళేవారైతే, ఫ్రేము గట్టిగా ఉంటే, నేనే టోర్షన్ వేసుకోమనేవాణ్ణేమో.

ఇప్పుడు కొలతలు. ఇక్కడ నా చేతులు కాలాయి కాబట్టి కాస్త సాగదీస్తాను. మొదటిసారి యాక్సిల్ ఆర్డర్ ఇచ్చినప్పుడు చక్రాలు విప్పడానికి బద్ధకించి టైర్ల బయటి అంచునుంచి బయటి అంచుకి కొలిచి, టైరు వెడల్పు మనసులోనే తీసేసి ఒక అంకె చెప్పాను. వచ్చినది 60 మిల్లీమీటర్లు ఎక్కువ. తిప్పి పంపడానికి మొహం చెల్లక మడ్‌గార్డులు కోసి, బయటికి జరిపి, మళ్ళీ అతికించుకున్నాను. ఆ మడ్‌గార్డు మీద కాలు పెట్టి బోటు ఎక్కే ప్రతి మనిషికీ ఆ కథ చెప్పాల్సి వచ్చేది.

చక్రాలు విప్పండి. హబ్బు మీద రిమ్ము వచ్చి ఆనే చదును ముఖం ఉంటుంది, ఈ వైపు ముఖం నుంచి ఆ వైపు ముఖానికి, ఇది మొదటి కొలత. రెండోది స్ప్రింగు మధ్యనుంచి స్ప్రింగు మధ్యకి, కానీ దీన్ని పాత యాక్సిల్ మీద కొలవకండి, అది వంగి ఉంది, ఫ్రేముకి ఉన్న హ్యాంగర్ బ్రాకెట్ల మధ్య కొలవండి. రెండు హ్యాంగర్లలో ఏదైనా పక్కకి ఒరిగిందేమో కూడా అప్పుడే తెలుస్తుంది. ఈ రెండు అంకెలూ చాలా ముఖ్యం, ఎందుకంటే టైరు లోపలివైపు స్ప్రింగుకీ, బయట మడ్‌గార్డుకీ తగలకుండా ఉండేది వీటివల్లే. కొత్త యాక్సిల్‌తో పాటు టైరు వెడల్పు మార్చాలనుకుంటే అది కూడా ఇప్పుడే లెక్కలోకి తీసుకోండి.

గొట్టం సైజు వెర్నియర్‌తో, తుప్పు గోకి, కొలవాలి. తుప్పు మీదే కొలిస్తే రెండు మూడు మిల్లీమీటర్లు లావు చూపిస్తుంది. పాతది చదరం, కొత్తది గుండ్రం అయితే యూ బోల్టులు, కింది పట్టా ప్లేట్లు కూడా మారతాయి. 3500 పౌండ్ల తరగతిలో గుండ్రటి గొట్టం సాధారణంగా రెండుంపావు అంగుళాలు దాటి, 60 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. గొట్టం స్ప్రింగుకి పైన ఉందా కింద ఉందా, మధ్యలో తిన్నగా ఉందా లేక చివర్లు పైకి మలిచి గొట్టాన్ని కిందికి దించారా అన్నది ఒక ఫోటో తీసి పెట్టుకోండి. తిన్నటి గొట్టం తెచ్చి దించినదాని స్థానంలో వేస్తే ట్రైలర్ నాలుగు అంగుళాలు లేస్తుంది, అప్పుడు బోటు తేలడానికి మీరు కారు వెనక చక్రాల్ని కూడా నీళ్ళలో దింపాల్సి వస్తుంది.

తర్వాత స్టడ్డుల వలయం, అంటే చక్రం బిగించే బోల్టులు అమర్చి ఉన్న వృత్తం వ్యాసం. నాలుగు స్టడ్డులైతే ఎదురెదురు స్టడ్డుల మధ్యల దూరం, తేలిక. అయిదు స్టడ్డులైతే ఎదురు ఏదీ ఉండదు కాబట్టి పక్కపక్క స్టడ్డుల మధ్యల దూరం కొలిచి 1.701తో గుణించండి. 67.2 మిల్లీమీటర్లు వస్తే 114.3 అన్నమాట, చాలా వాడుకలో ఉన్నది. జాగ్రత్త, 5 స్టడ్డుల 112కీ 114.3కీ, 4 స్టడ్డుల 100కీ 101.6కీ కంటికి తేడా తెలియదు. నట్లు కాస్త బలవంతం చేస్తే ఎక్కేస్తాయి కూడా. అలా ఎక్కించిన చక్రానికి స్టడ్డులు పక్కకి లాగబడి ఉంటాయి, నట్లు వదులవుతూనే ఉంటాయి, చివరికి స్టడ్డులు ఒకటొకటిగా తెగుతాయి. అందుకే టేపుతో కాకుండా వెర్నియర్‌తోనే కొలవమంటున్నాను.

బ్రేకులు లేవన్నారు. 1350 కేజీల ట్రైలర్‌కి బ్రేకులు లేకపోవడం నాకు నచ్చలేదు. చాలా దేశాల్లో 750 కేజీలు దాటితే బ్రేకులు తప్పనిసరి కూడా, మీ దగ్గర నియమం ఏమిటో చూసుకోండి. పాత యాక్సిల్ ఎలాగూ విప్పుతున్నారు, బ్రేకులతో వచ్చేదే తీసుకోండి. ఇప్పుడు కుదరకపోతే కనీసం బ్రేకు ప్లేటు బిగించుకునే ఫ్లాంజి వెల్డింగ్ చేసి ఉన్న యాక్సిల్ తీసుకోండి, రేపు ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. ఫ్లాంజి లేకుండా కొంటే మళ్ళీ యాక్సిల్ మార్చడమే. ఎలక్ట్రిక్ బ్రేకులు నీళ్ళలో మునిగే ట్రైలర్‌కి, అందులోనూ ఉప్పునీళ్ళకి, కలిసిరావు. కారు స్లో అయినప్పుడు ట్రైలర్ ముందుకి తోసుకొచ్చే బలంతోనే పట్టుకునే బ్రేకులు వాడండి, డిస్కులైతే నీళ్ళతో కడగడం తేలిక. ఆ రకం కప్లర్‌కి ఇంతనుంచి ఇంత బరువు అని రాసి ఉంటుంది, అది యాక్సిల్ బ్రేకులతో జత కుదరాలి. రివర్స్ చేసేటప్పుడు బ్రేకులు పట్టేయకుండా ఏ ఏర్పాటు ఉందో కూడా అడగండి, లేకపోతే మొదటి రోజే ర్యాంపు మీద మీ వెనక వరుస కట్టినవాళ్ళ ముందు తల కొట్టేసినట్టవుతుంది.

బేరింగుల గురించి ఒక మాట. రోడ్డు మీద వచ్చిన వేడి హబ్బుని అలాగే చల్లటి నీళ్ళలో ముంచితే లోపలి గాలి కుంచించుకుపోయి సీల్ పక్కనుంచి నీళ్ళని లోపలికి పీలుస్తుంది. పాత బేరింగుల చావు ఎక్కువగా ఇలాగే జరుగుతుంది. కాబట్టి ర్యాంపు దగ్గర కాసేపు ఆగండి, తాళ్ళు విప్పుకుంటూ, లైట్ల ప్లగ్గు పీకుతూ. స్ప్రింగు ఉన్న గ్రీజు మూతలు మంచివే, కానీ వాటిలోకి పొంగేదాకా గ్రీజు కొడుతూ పోతే వెనక సీల్ బయటికి తోసుకొస్తుంది. కొత్త యాక్సిల్‌తో వచ్చిన బేరింగుల నంబర్లు గ్రీజు అంటకముందే రాసుకోండి. 3500 పౌండ్ల తరగతిలో ఎక్కువగా లోపల ఎల్ 68149, బయట ఎల్ 44649 ఉంటాయి, పాతదానికి ఉన్నవి వీటికి పనికిరాకపోవచ్చు. ఒక హబ్బు మొత్తం గ్రీజు కొట్టి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి డిక్కీలో పడేసుకుంటే ఇంకా నయం.

బిగించేటప్పుడు పాత యూ బోల్టులు మళ్ళీ వాడకండి, ఒకసారి సాగినవి రెండోసారి పట్టు నిలపవు. స్ప్రింగులు కొనేటప్పుడు రాసిన బరువు ఒక్కోదానికా, జతకా అని గుచ్చి అడగండి, ఇక్కడ చాలామంది సగం బలం కొనుక్కుని వస్తారు. వంపు ఉన్న గొట్టమైతే వంపు పైకి ఉండాలి. గొట్టం మీద, ముఖ్యంగా మధ్యలో, ఏ బ్రేకు పైపునో వైరునో పట్టి ఉంచడానికని క్లిప్పులు వెల్డింగ్ చేయించకండి, వేడికి గొట్టం లాగి చక్రాల దిశ తప్పుతుంది, ప్లాస్టిక్ పట్టీలు చాలు. పూర్తిగా బిగించే ముందు కప్లర్ నడిమధ్యనుంచి యాక్సిల్ ఎడమ చివరికి, కుడి చివరికి టేపు పట్టండి, తేడా 3 మిల్లీమీటర్లు దాటితే ట్రైలర్ పక్కకి నడుస్తుంది, కొత్త టైర్లు కూడా పాతవాటి దారే పడతాయి.

మొదటి 15 కిలోమీటర్లకి ఆగి వీల్ నట్లు టార్కు రెంచితో మళ్ళీ బిగించండి, 40కి ఒకసారి, 80కి ఒకసారి. యూ బోల్టులు కూడా. ఆగిన ప్రతిసారీ హబ్బు మీద చేయి పెట్టి చూడండి, గోరువెచ్చగా ఉంటే సరే, చేయి ఉంచలేనంత కాలితే అక్కడే ఆగి బేరింగు బిగువు చూసుకోవాలి.

కాటా చీటీ, ఆ కొలతలు చేతికొచ్చాక ఆర్డర్ ఇచ్చే ముందు నాకొకసారి రాయండి. ఫోటో పంపితే పాత యాక్సిల్‌ది అక్కర్లేదు, హ్యాంగర్ బ్రాకెట్లవి, సుత్తి దబ్‌మన్న చోట్లవి పంపండి.